నాలుగు చక్రాలూ నేల మీదే

మందారవనం కాలనీలో ఏ బండి చక్రమూ నేల విడిచి ఉండరాదని నియమం వచ్చిన కొన్నాళ్ళకే హైమవతి కారుకి వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ చచ్చిపోయాయి. ఆ నియమమూ ఈ చావూ ఒక ఇంటి బిడ్డలే. ఆ ఇంటి పేరు కాలనీ సంక్షేమ సంఘం.

కాలనీ కాకినాడ బైపాసు పక్కన ఉంది. గేటు దాటితే ఒకటే రోడ్డు, దానికి అటూ ఇటూ ఇళ్ళు. గేటు దగ్గర బయల్దేరిన బండికి ఆఖరి ఇల్లు చేరేలోపు మూడో గేరుతో పని పడదు. అయినా ఒకరోజు సంఘం కార్యదర్శి ఉమామహేశ్వరం గారి కుక్క, కూరగాయల తోపుడు బండి కింద పడబోయి, పడలేదు. పడకపోవడం సంఘాన్ని కలచివేసింది. వెంటనే భద్రతా పక్షోత్సవాలు జరిపి కార్యదర్శి గారింటి ముందు ఒక స్పీడ్ బ్రేకర్ వేశారు.

వేసిన మర్నాడే ఎదురింటాయన వచ్చి, "మావి మాత్రం ప్రాణాలు కావా?" అన్నాడు. ఆయనకీ ఒకటి వేశారు. ఆ తర్వాత బ్రేకరు లేని ఇల్లంటే అద్దెకున్న వాళ్ళిల్లని పేరు పడిపోయింది. ఎవరింటి ముందు ఎంత ఎత్తుందనేది పరువు సమస్య అయింది. అందరికంటే పెద్దది మాత్రం అధ్యక్షులు త్రివిక్రమరావు గారింటి ముందుది. ఆయన ప్రభుత్వంలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైనవారు కాబట్టి దగ్గరుండి పోయించుకున్నారు. ఎక్కడానికి ఒక పొడుగాటి వాలు, పైన చక్రాలు పట్టేంత శిఖరం, దిగడానికి ఇంకో వాలు. దానికి పేరు కూడా పెట్టబోయారు గానీ ఏ పేరన్న దగ్గర కమిటీలో ఏకాభిప్రాయం కుదర్లేదు.

జనం వాటి మీంచి బళ్ళు దూకించుకుపోతున్నారని తెలిసి సంఘం ఇంకో నోటీసు అంటించింది. "ప్రతి వాహనమూ బ్రేకరు శిఖరమున సంపూర్ణముగా ఆగి, కుడియెడమలు పరికించి, చోదకుని మనసు స్థిమితపడిన పిదప మాత్రమే ముందుకు సాగవలెను. అట్లు ఆగిన వాహనమును వెనుకనున్నవారు దాటరాదు. హారను మోగించరాదు."

చక్రాల నియమం దీని తర్వాతిది. ఆఖరి వరసలో ఒకాయన తన కారుని ఇటుకల మీద నిలబెట్టి, చక్రాలు ఊడదీసి ఇంట్లో పెట్టుకుని, దుబాయ్ వెళ్ళిపోయాడు. దాని కింద ఓ పిల్లి పిల్లల్ని పెట్టింది. సంఘానికి పిల్లి మీద ఆగ్రహం లేదు. ఇటుకల మీదున్నది వాహనమా, కట్టడమా అన్నదే సందేహం. కట్టడమైతే ప్లాను ఆమోదం ఏదీ? మూడు సమావేశాలు కొట్టుకున్నాక సందేహం మళ్ళీ తలెత్తకుండా, "కాలనీ ఆవరణలో సమస్త వాహనముల సమస్త చక్రములూ సర్వకాల సర్వావస్థలయందూ నేలను తాకి యుండవలెను" అని తీర్మానించారు.

దీన్ని అమలు చెయ్యడం వాచ్‌మన్ సింహాచలం పని. చేతిలో ఓ పాత పేపరు ముక్క పట్టుకుని తిరిగేవాడు. ఏ చక్రం కిందికైనా అది దూరిందా, నోటీసే. మొదటి వారంలోనే పాలవాడి బండి పట్టుబడింది. పాలవాడు బండికి పెద్ద స్టాండు వేశాడు. పెద్ద స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లో ఉంటుంది మరి. కాలనీలో పెద్ద స్టాండ్లు నిషేధించారు. స్కూటర్లన్నీ సైడు స్టాండు మీద ఒకేవైపు వాలి, ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టుగా కనిపించేవి. కారు పంక్చరైతే కుటుంబ సమేతంగా గేటు బయటికి తోసుకుపోయి, బైపాసు మీద స్టెపినీ మార్చుకుని, మళ్ళీ లోపలికి రావాలి. ఈ తోపుడు వల్ల ఇరుగు పొరుగుల మధ్య సఖ్యత పెరిగిందని వార్షిక నివేదికలో రాసుకున్నారు.

ఇక హైమ సంగతి. భర్త ఓడలో ఇంజనీరు. ఆ నెలలో ఏదో సముద్రం మధ్యన ఉన్నాడు. అక్కడ స్పీడ్ బ్రేకర్లు లేవని ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తాడు. హైమ తండ్రి బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేశాడు. ఆవిడ చిన్నప్పుడు బొమ్మలకంటే పానాలతోనే ఎక్కువ ఆడుకుంది. బీఎస్సీ ఫిజిక్సు చదివింది. పెళ్ళయ్యాక ఆ ఫిజిక్సు మిక్సీకీ గీజరుకీ తప్ప ఎవరికీ పనికిరాలేదు.

అత్తగారు రత్నమాణిక్యం గారికి నడుం ఆపరేషనైంది. రేపు సాయంత్రం ఇంటికి పంపిస్తామన్నారు. "ఒక్క మంచి కుదుపు పడిందంటే మళ్ళీ నా బల్ల మీదికే," అన్నాడు డాక్టరు, కుట్లు చూపించి మరీ. హైమ కారులో మంచి కుదుపులు తప్ప ఇంకేం లేవు. డిక్కీ మీద చెయ్యి పెట్టి ఒక్కసారి నొక్కి వదిలితే బండి చాలాసేపు తలూపేది. అంబులెన్సు పిలుద్దామంటే ఆస్పత్రి డ్రైవరు, "మందారవనమా? పోయినసారి మీ బ్రేకరు మీద నా బండి పొట్ట ఆనుకుని కూర్చుండిపోయిందమ్మా. నలుగురు మోసి దింపారు. నేను రాను," అన్నాడు. ఇరుగు పొరుగు కార్లు అడుగుదామంటే వాటి షాక్ అబ్జార్బర్లూ ఎప్పుడో పోయాయి. ఊళ్ళో మెకానిక్ షెడ్డు మస్తాన్‌కి ఫోన్ చేసింది.

"పండగ దాటితే గానీ కుదరదమ్మా. లైన్లో ఉన్నవన్నీ మీ కాలనీ బళ్ళే. మీ ప్రెసిడెంటుగారు నూరేళ్ళు చల్లగుండాలి."

"సరే, సామాను ఇచ్చెయ్యి. నేనే మార్చుకుంటాను."

"చేతులు నల్లగైపోతాయమ్మా."

"పెనం తోమినా అవుతాయిలే మస్తాన్."

కొత్త షాక్ అబ్జార్బర్లు రెండూ గోనెసంచిలో పెట్టి పంపాడు. ఇక కావలసిందల్లా కారు వెనక భాగాన్ని జాకీతో కొంచెం లేపడం. గేటు బయట ఒకవైపు మురుక్కాలవ, ఇంకోవైపు ఇసుక లారీలు. స్టెపినీ అంటే గొడుగులు అడ్డం పెట్టుకుని గబగబా మార్చెయ్యొచ్చు. పూటంతా కారు కింద పడుకోవాలంటే లారీవాళ్ళ మీద అంత నమ్మకం హైమకి లేదు. అందుకని ఆవిడ బుద్ధిగా సంఘానికి వెళ్ళి అనుమతి అడిగింది.

సంఘ భవనంలో అధ్యక్షుల వారు, కార్యదర్శి గారు పకోడీలు తింటూ అత్యవసర సమావేశంలో ఉన్నారు.

"చూడమ్మా హైమవతీ," అన్నారు త్రివిక్రమరావు గారు, విన్నదంతా విని. "నీ పట్ల మాకు సానుభూతి ఉన్నది. మీ అత్తగారి నడుము పట్ల కూడా ఉన్నది. కానీ లేపుట అనగా ఎంత మేరకు లేపుట?"

"ఒక అడుగు చాలండి."

"అడుగు! ఉమామహేశ్వరం గారూ, విన్నారా? అనగా చక్రమునకూ నేలకూ నడుమ ఒక అడుగు గాలి."

"గాలికి ఆమోదం లేదండి," అన్నారు కార్యదర్శి.

"ఓ పూట పనేనండీ. అయిపోగానే దింపేస్తాను."

"తాజ్‌మహలును కూడా కట్టువారు ఓ పూట పనే అనుకుని మొదలుపెట్టి యుందురు," అన్నారు అధ్యక్షులు. "అసలు లేపకుండా మార్చుటకు శాస్త్రము ఒప్పుకోదా? చదువుకున్నదానివి కదా."

హైమ ఓపిగ్గా చెప్పింది. "మా పాత బండికి స్ప్రింగు వేరు, షాక్ అబ్జార్బరు వేరండి. బరువు మోసేది స్ప్రింగు. అది ఊగకుండా పట్టుకునేది షాక్ అబ్జార్బరు. కాబట్టి చక్రాలు నేల మీదున్నా ఒకటొకటిగా ఊడదీసి బిగించొచ్చు. కానీ కింద బోల్టు విప్పాలంటే మనిషి దూరేంత సందుండాలి కదండీ."

"అట్లైన మార్గమున్నది," అన్నారు కార్యదర్శి ఉత్సాహంగా. "చక్రాలను లేపకూడదు గానీ మనిషిని దింపకూడదని ఎక్కడా లేదు. గొయ్యి తవ్వుకోండమ్మా."

"ఎక్కడ తవ్వనండీ?"

"తవ్వుటకు వీలులేదు. తవ్వకముల నియమమున్నది. నేను శాస్త్రము మాత్రమే చెప్పాను."

చివరి పకోడీ ఎవరు తీసుకోవాలన్న మొహమాటంలో కొంతసేపు గడిచింది. అధ్యక్షుల వారే తీసుకుని, నోరు తుడుచుకుని తీర్పు చెప్పారు.

"సంఘము మరమ్మత్తులకు వ్యతిరేకము కాదు. నీవు షాక్ అబ్జార్బర్లు మార్చుకొనవచ్చును. కాలనీలో ఎక్కడైనా మార్చుకొనవచ్చును. నాలుగు చక్రములూ కాలనీ నేలను తాకి యుండవలెను. అంతే."

"కాలనీలో ఎక్కడైనానా అండి?"

"ఎక్కడైనా. సంఘము ఉదారమైనది."

హైమ దణ్ణం పెట్టి బయటికొచ్చింది. వెనక నుంచి, "ఎంత మర్యాదగా చెబితే అంత మర్యాదగా అర్థం చేసుకుంటారండి," అని కార్యదర్శి మెచ్చుకోవడం వినిపించింది.

ఆస్పత్రిలో అత్తగారు వెల్లకిలా పడుకుని సీలింగు ఫ్యానుతో మాట్లాడుతున్నట్టుగా కోడలితో మాట్లాడింది.

"ఏమే హైమా, రేపు నన్నెలా తీసుకెళ్తావు? ఆ కారులోనే అయితే చెప్పెయ్యి, ఇక్కడే ఇంకో పది రోజులు పడుంటాను. ఇక్కడి సాంబారు తాగి పోయినా ఫర్లేదు, ఆ త్రివిక్రముడి గుట్ట మీద పోలేను."

"ఏదోటి చేస్తాను అత్తయ్యా."

"చేస్తావులే. మొన్న గీజరు బాగుచేసినప్పుడు వీధంతా కరెంటు పోయింది."

"తర్వాత వేణ్ణీళ్ళు వచ్చాయిగా."

"వచ్చాయి," అని ఒప్పుకుందావిడ. ఆపైన గొంతు తగ్గించి అంది. "నాకు భయమేస్తోందే. మళ్ళీ ఆ బల్లెక్కడమంటే భయమేస్తోంది."

అత్తగారు భయమనడం హైమ అదే మొదటిసారి వినడం. దుప్పటి సర్దింది.

ఇంటికొస్తూ కాలనీలో దూరింది. ఒక్కో బ్రేకరు దగ్గరా డిక్కీలో గోనెసంచి ఎగిరి పడుతోంది. అధ్యక్షుల వారి బ్రేకరు శిఖరం మీద, నోటీసులో చెప్పినట్టే, సంపూర్ణంగా ఆగింది. కుడియెడమలు పరికించింది. మనసు స్థిమితపడటం కోసం ఎదురుచూస్తూ వెనక చూపే అద్దంలోకి చూస్తే రోడ్డుండవలసిన చోట ఆకాశం కనిపించింది. ముందు చక్రాలు వాలు దిగిపోయాయి, వెనక చక్రాలు శిఖరం మీదున్నాయి, వాటి వెనకాల రోడ్డు కిందికి జారిపోయింది. హైమ హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి కిందికి దిగింది. వెనక్కొచ్చి వంగి చూసింది. డిక్కీ కింద, ఒక మనిషి హాయిగా దూరేంత సందు.

మనసు పూర్తిగా స్థిమితపడింది.

మర్నాడు టిఫిన్లు కాగానే హైమ కారు అదే శిఖరం మీద ఆగింది. ముందు చక్రాలకి అడ్డంగా ఒకవైపు ఇటుక, ఇంకోవైపు అత్తగారి సన్నికల్లు పెట్టింది. రోడ్డు మీద పాత బొంత పరిచింది. ఎదురింటి ఇందుమతి ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి, పానాలు అందించే పని పెట్టుకుంది. డిక్కీలోపల పై నట్టు సులువుగానే వదిలింది. కింద బోల్టు తుప్పుపట్టి మొరాయించింది. హైమ దానికి తుప్పు వదిలే నూనె కొట్టి, నానేదాకా కాఫీ తాగింది.

ఈలోగా వెనక ఒక కారు ఆగింది. దాని వెనక ఇంకోటి. నియమం ప్రకారం ఎవరూ దాటలేదు. ఎవరూ హారను కొట్టలేదు. ఇంత క్రమశిక్షణగల క్యూ కాలనీలో అన్నదానం రోజున కూడా కనిపించలేదు.

సింహాచలం పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగోరూ! ఇదేటమ్మా, రోడ్డుకి అడ్డంగా బండెట్టీసి కిందకి దూరిపోనారు?"

"బండి పెట్టలేదు సింహాచలం. బ్రేకరు మీద ఆగాను. ఆగమన్నారుగా."

"ఆగమన్నారు గానీ... ఎంతసేపమ్మా?"

"మనసు స్థిమితపడేదాకా. నోటీసులో అలాగే ఉంది. ఇంకా పడలేదు."

సింహాచలం ఆలోచించి, తనకి తెలిసిన విద్య ప్రయోగించాడు. పేపరు ముక్క తీసి నాలుగు చక్రాల కిందా తోసి చూశాడు. ఎక్కడా దూరలేదు. "తాకే ఉన్నాయమ్మా," అని నిట్టూర్చి పక్కకెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడే త్రివిక్రమరావు గారు సిల్కు లాల్చీ వేసుకుని గేటు తీసుకుని బయటికొచ్చారు. పక్క కాలనీలో భద్రతా వారోత్సవాలకి ఆయన ముఖ్య అతిథి. ఆయన కారు తన గేటులోంచి ముక్కు బయటపెట్టి, హైమ కారు పక్కటెముకల్ని చూస్తూ ఆగిపోయింది.

"ఏమిటమ్మా ఇది? ఎవరా కింద? బయటికి రామ్మా!"

హైమ కారు కింద నుంచే సమాధానం చెప్పింది. పైకి కనిపిస్తున్నవి చెప్పుల్లేని రెండు పాదాలు మాత్రమే. అధ్యక్షుల వారు గత్యంతరం లేక వాటితోనే మాట్లాడవలసి వచ్చింది.

"మీరు అనుమతిచ్చిన పనేనండి. నాలుగు చక్రాలూ కాలనీ నేల మీదే ఉన్నాయి."

"ఇది నేల కాదు, బ్రేకరు!"

"నేల కాదాండీ?" పాదాలు ఆశ్చర్యపోయినట్టు కాస్త కదిలాయి. "అయితే రోజూ దీన్నెక్కే బళ్ళన్నీ నేలను విడిచినట్టే కదండీ. మీ కారుతో సహా."

కార్యదర్శి గారు క్యూలో నాలుగో కారులోంచి దిగి వచ్చారు. అధ్యక్షులు ఆయన్ని పక్కకి లాగారు. ఇద్దరూ కాలనీ నియమావళిని నిలువునా అడ్డంగా గుర్తు చేసుకున్నారు. నేలే అంటే ఆవిడని లెమ్మనలేరు. నేల కాదంటే రేపటినుంచి ఎవరూ గడప దాటలేరు. పైగా నేల కాని బ్రేకరు ఇంకేమిటి, కట్టడమా? కట్టడమైతే దానికి ప్లాను ఆమోదం ఏదీ?

"నేలే," అన్నారు అధ్యక్షుల వారు చివరికి. "అయితే వెనుకనున్న వారికి మార్గమివ్వవలెను కదా."

"ఇవ్వాలనే ఉందండి. ఆగిన వాహనాన్ని దాటకూడదన్నారు మీరు."

"నాకు సభకు ఆలస్యమగుచున్నదమ్మా!"

"అయ్యో, మీరు కంగారు పెడితే నా మనసు మళ్ళీ మొదటికొస్తుందండీ."

ఇందుమతి పక్కకి తిరిగి చీరచెంగు నోట్లో కుక్కుకుంది. కింద నుంచి, "ఇందూ, పెద్ద పానా ఇటివ్వు," అని వినిపించింది. ఆపైన 'కర్ర్‌క్' మని శబ్దం. మొండి బోల్టు వదిలింది.

పాత షాక్ అబ్జార్బరు బయటికి దొర్లింది. దాంట్లోంచి నూనె కారి కారి ఎండిపోయి, లాగితే ఏ పట్టూ లేకుండా వచ్చేసి, నొక్కితే ఏ పట్టూ లేకుండా లోపలికి పోతోంది. క్యూలో వాళ్ళంతా దిగి వచ్చి దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. "మా బండిదీ ఇలాగే ఉందేమో చూడమ్మా," అన్నారొకరు. "మాదీ," అన్నారింకొకరు. కార్యదర్శి గారు అధ్యక్షుల వారు చూడకుండా, "మాది కుడివైపు లటలటమంటోందమ్మా," అని పాదాల దగ్గర వంగి చెప్పుకున్నారు.

కొత్తదాన్ని నిలబెట్టి నాలుగైదు సార్లు నొక్కి వదిలి, ఎక్కించింది. కింద బోల్టు బిగిస్తూ హైమ నవ్వుకుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆ బోల్టు ఆఖరుసారి బిగించాలనీ, గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్షు మెలిపడి పాడవుతుందనీ నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. నాలుగు చక్రాలూ నేల మీదుండాలన్న సంఘం తెలియకుండానే ఒక్క విషయంలో సరిగ్గా చెప్పింది. ఆ సంగతి హైమ వాళ్ళకి చెప్పలేదు. చెబితే ఆ ఒక్కటీ మార్చేస్తారని భయం.

రెండోది ఇంకా తొందరగా అయింది. హైమ బయటికొచ్చి, మసిచేతులతోనే డిక్కీని నొక్కి వదిలింది. బండి ఒక్కసారి లేచి, బుద్ధిగా నిలబడిపోయింది.

"మనసు స్థిమితపడిందండీ," అని అధ్యక్షుల వారికి దణ్ణం పెట్టి, సన్నికల్లు ఎత్తుకుని, కారెక్కి వెళ్ళిపోయింది. త్రివిక్రమరావు గారు సభకి చేరేసరికి వందన సమర్పణ జరుగుతోంది.

సాయంత్రం అత్తగారిని వెనక సీట్లో దిళ్ళ మధ్య పడుకోబెట్టి తీసుకొచ్చింది. గేటు దాటగానే రత్నమాణిక్యం గారు కళ్ళు గట్టిగా మూసుకుని, ముందు సీటు పట్టుకుని, కులదైవాన్ని పిలవడం మొదలుపెట్టింది. హైమ మెల్లిగా, అంతకన్నా మెల్లిగా ఒక్కో బ్రేకరూ ఎక్కించి, ఆపి, దింపింది. అద్దంలోంచి చూస్తే అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటిగా సీటు వదులుతున్నాయి. పెద్ద శిఖరం దాటేసరికి కులదైవం పేరు కూడా ఆగిపోయింది.

ఇంటి ముందు కారు ఆగాక ఆవిడ కళ్ళు తెరిచింది. తలుపు తీసి పట్టుకోవడానికి సింహాచలం వచ్చాడు.

"ఏరా సింహాచలం, ఆ గుట్టలన్నీ పీకించేశారా ఏమిటి? నాకు ఒక్కటీ తగల్లేదు!"

"లేదమ్మగోరూ, ఎక్కడివక్కడే ఉన్నాయి."

"మరి నాకు తెలియలేదేమిరా?" అంది ఆవిడ. కోడలి మసిపట్టిన గోళ్ళు చూసి, చెయ్యి పట్టుకుంది. లోపలికి నడిపించుకెళ్తుంటే మాత్రం, "నా సన్నికల్లుకి ఆ నూనె మరకేమిటే?" అంది.

సింహాచలం తన ఉద్యోగధర్మం ప్రకారం విన్నది విన్నట్టుగా సంఘానికి చేరవేశాడు. మర్నాడు పొద్దున గేటు దగ్గర కొత్త నోటీసు వెలిసింది.

"కాలనీ వాస్తవ్యులకు విజ్ఞప్తి. నడుము శస్త్రచికిత్స జరిగిన ఒక వృద్ధ మహిళకు సైతము మన బ్రేకర్లు ఏమాత్రమూ తెలియుట లేదని సంఘము దృష్టికి వచ్చినది. ఇది భద్రతకు తీవ్ర విఘాతము. కావున అన్ని బ్రేకర్ల ఎత్తునూ తక్షణమే పెంచుటకు సంఘము ఏకగ్రీవముగా తీర్మానించినది."

హైమ పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని నోటీసు మొత్తం చదివింది. పక్కన ఇందుమతి నెత్తి కొట్టుకుంటోంది. వెనకాల కార్యదర్శి గారు కుడివైపు లటలటమంటున్న కారు తాళాలు పట్టుకుని, ఏదో అడగబోయి మొహమాటపడుతున్నారు.

"పోనీలెండి, మంచిదేగా," అంది హైమ. "ఇంకో అడుగు లేస్తే ఈసారి పడుకోనక్కర్లేదు. పీట వేసుకుని కూర్చుని చెయ్యొచ్చు."